ఓడలో భోజనానికి నాన్న పంచె

బయల్దేరడానికి రెండు రోజుల ముందు

టిక్కెట్లతో పాటు ఓడవాళ్ళు పంపిన పదకొండు పేజీల్లో తొమ్మిదో పేజీ దగ్గర మా ఇల్లంతా ఆగిపోయింది. ఏ పూట ఏ బట్టలు వేసుకోవాలో అందులో ఉంది. పగలు మీ ఇష్టం. రాత్రి రెస్టారెంటులో భోజనానికి స్మార్ట్ క్యాజువల్. రెండో రాత్రి మాత్రం ఫార్మల్. మగవాళ్ళు నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, లుంగీలు, టోపీలు, బాత్రూమ్ చెప్పులతో రాకూడదు. ఈత బట్టలతో, రాత్రి పడుకునే బట్టలతో ఎవరూ రాకూడదు.

"స్మార్ట్ క్యాజువల్ అంటే ఏటమ్మా?" అన్నారు నాన్న.

ఇస్త్రీ చొక్కా, ప్యాంటు అన్నారు మా ఆయన. కాలరున్న టీషర్టు చాలన్నాడు మా అబ్బాయి. అమ్మ వంటింట్లోంచే, "చెప్పా పెట్టకుండా వియ్యంకుడు గుమ్మంలోకి వస్తే గబగబా ఏం తగిలించుకుంటారో అది" అంది. ఇంతకన్నా మంచి అర్థం నాకు ఇప్పటికీ ఎక్కడా కనపడలేదు. పట్టుబట్టలు తీసేంత టైముండదు, అలాగని బనియనుతో ఎదురెళ్ళలేం.

నాన్నకి 74. హార్బరులో 34 ఏళ్ళు పనిచేశారు. ఓడల్లోకి సరుకు ఎక్కించడం, దించడం. ఎన్ని ఓడలు ఎక్కి దిగారో లెక్కలేదు గానీ, ఒక్కదానిలోనూ ఒక్క రాత్రి పడుకోలేదు. "పొద్దున్న ఎక్కేవాణ్ణి, సాయంత్రం అక్కడే దిగేవాణ్ణి. నా ఓడ ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు" అంటారు. విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి మూడు రాత్రుల ఓడ ప్రయాణం ఉందని తెలియగానే నేను ముందు బుక్ చేసింది ఆయన టిక్కెట్టే. మా టిక్కెట్లు ఆ తర్వాత.

రిటైరయ్యాక ఆయన ప్యాంటు ముట్టలేదు. బ్యాంకుకైనా పెళ్ళికైనా పంచే. అందుకని మల్కాపురంలో టైలరు దగ్గర రెండు ప్యాంట్లు కుట్టించి, జగదాంబ సెంటర్లో 1,800 పెట్టి నల్లబూట్లు కొన్నాం. మా ఆయన మా రిసెప్షన్ నాటి బ్లేజర్ బయటికి తీశారు. 17 ఏళ్ళ కిందటిది. చేతులు సరిపోయాయి. గుండీ, కాజా మాత్రం ఒకదాన్నొకటి దూరం నుంచి చూసుకుంటున్నాయి.

అమ్మ సర్దుకోవడం పది నిమిషాల్లో అయిపోయింది. నాలుగు నూలు చీరలు, ఒక పట్టు చీర, రెండు నైటీలు. ఈ విషయంలో ఆడవాళ్ళం సుఖపడ్డాం. క్యాజువల్ అంటే నూలు, ఫార్మల్ అంటే పట్టు, కట్టు మాత్రం అదే. మగవాళ్ళకే కట్టు మొత్తం మార్చేయాల్సి వస్తుంది.

నాన్న తన పెట్టెలో ప్యాంట్ల అడుగున పొందూరు ఖద్దరు పంచె ఒకటి పెట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

మొదటి రోజు

పొద్దున్నే సంపత్ వినాయకుడి గుడికి వెళ్ళాం. ఊళ్ళో కొత్త బండి కొన్నవాళ్ళు చాలామంది దాన్ని అక్కడికే తీసుకెళ్ళి పూజ చేయిస్తారు. ఓడని గుడికి తీసుకురాలేం కాబట్టి మనమే పోయి కొబ్బరికాయ కొట్టాలని నాన్న వాదన. ఆ పూజకని తెల్ల అడ్డపంచె, చొక్కా, తోలుచెప్పులతో బయల్దేరినవారు అలాగే ఓడెక్కేశారు. ప్యాంట్లు, బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి.

కొత్త క్రూయిజ్ టెర్మినల్‌ని 2023 సెప్టెంబర్ 4న ప్రారంభించారు. దాదాపు 96 కోట్ల ఖర్చట. లోపల అంతా విమానాశ్రయం పద్ధతే. ఆధార్ చూపించాలి, బ్యాగులు మిషన్లో పెట్టాలి, ఫొటో దిగాలి, గది తలుపు తీసే కార్డు తీసుకోవాలి. పెద్ద పెట్టెలకి గది నంబరు చీటీ కట్టి అక్కడే తీసేసుకున్నారు, అవే గది ముందుకు వస్తాయన్నారు. బయటి తిండి పనికిరాదని అమ్మ ఆవకాయ సీసా తనిఖీ దగ్గర ఆపేశారు. ఆ దుఃఖం వేరే కథ.

నాన్నకి ఇవేవీ పట్టలేదు. "ఈ హార్బరుకి మొట్టమొదట వచ్చిన ఓడ జలదుర్గ. 1933 అక్టోబరు 7" అని వరసలో ముందు నిలబడ్డ, ముక్కూమొహం తెలియని మనిషికి చెబుతున్నారు. పాపం ఆయన తలూపుతూనే ఉన్నాడు.

బయల్దేరే ముందు ఓడలో అందర్నీ ఒకచోట చేర్చి ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించారు. లైఫ్ జాకెట్టు ఎలా తొడుక్కోవాలి, పట్టీ ఎక్కడ బిగించాలి, విజిల్ ఎక్కడుంది. సగంమంది సెల్ఫీల్లో ఉన్నారు. నాన్న ఒక్కరే పట్టీ రెండుసార్లు లాగి చూసుకుని, "ఇదీ అసలైన డ్రెస్ కోడు" అన్నారు.

సాయంత్రం ఓడ కదిలింది. ఒక పక్క యారాడ కొండ, దాని మీద లైట్ హౌస్. ఇంకో పక్క చర్చి కొండ, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, మూడూ పక్కపక్కనే. బయటికొచ్చి ఓడ దక్షిణానికి తిరిగేసరికి బీచ్ రోడ్డు దీపాలన్నీ వరసకట్టాయి. నాన్న కమ్మీ పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. 34 ఏళ్ళు ఓడల వైపు చూసిన మనిషి, మొదటిసారి ఓడ మీంచి ఊరి వైపు చూస్తున్నారు.

తర్వాత ఆయనే మొదలుపెట్టారు. ఆయన తాత భీమిలి దగ్గర పల్లె నుంచి రంగం వెళ్ళారట. రంగూన్‌ని మా వైపు పాతవాళ్ళు రంగం అనే అంటారు. స్టీమర్లో డెక్కు టిక్కెట్టు అంటే నెత్తిన ఆకాశం, కింద చాప. తిండి మూట ఎవరిది వాళ్ళదే. అదే స్టీమర్లో పై తరగతి దొరలు రాత్రి భోజనానికి నల్లకోట్లు తొడుక్కుని దిగేవారని, డెక్కు మీదవాళ్ళు ఏం కట్టుకున్నారని మాత్రం అడిగిన నాథుడు లేడని తాత చెప్పేవాడట. "గోచీతో ఎక్కాడు, గోచీతో దిగాడు" అన్నారు నాన్న. ఆ మాట అన్న గంటకే మా వంతు వచ్చింది.

రెస్టారెంటు గుమ్మం దగ్గర కుర్రాడికి పాతికేళ్ళుంటాయి. నల్ల వెయిస్ట్‌కోటు, చేతిలో ట్యాబ్. మా అందరికీ నవ్వుతూ నమస్తే పెట్టాడు. నాన్న నడుం దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. "సార్, లుంగీతో లోపలికి కుదరదు" అన్నాడు హిందీలో.

నాన్నకి హిందీ వచ్చు, హార్బరు హిందీ. "లుంగీ కాదు బాబూ. పంచె. ధోతీ."

కుర్రాడు ట్యాబ్‌లో వేలితో పైకీ కిందికీ తోశాడు. జాబితాలో లుంగీ ఉంది. ధోతీని రానివ్వాలనీ లేదు, ఆపాలనీ లేదు. లేనిదాని మీద నిర్ణయం తీసుకునే జీతం కాదు అతనిది. ఇంకోసారి కిందికి చూసి, "చెప్పులు కూడా సార్" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ కుర్రాణ్ణి పెద్దగా తప్పుపట్టలేను. అడ్డపంచైనా లుంగీ అయినా నడుం నుంచి మడమల దాకా చుట్టుకునే ఒక గుడ్డే. తేడా మన కళ్ళకే తెలుస్తుంది. లుంగీ గళ్ళదో రంగుదో అయివుంటుంది, చాలాసార్లు రెండు కొసలూ కలిపి కుట్టేసి ఉంటుంది. పంచె తెల్లగా ఉంటుంది, దానికి అంచుంటుంది, ఆ అంచు వంకరపోకుండా పాదం మీదికి దిగేలా కట్టడంలోనే మర్యాదంతా ఉంది. ఇంట్లో లుంగీ, వీధిలోకి పంచె. ఇది మన దగ్గర పదేళ్ళ పిల్లాడికి తెలుసు. ఆ కుర్రాడికి ఎవరు చెబుతారు? ఆ పేజీ రాసినవాళ్ళకే తెలిసినట్టు లేదు.

నాకు మండింది మరోచోట. మా అబ్బాయి రెండు మోకాళ్ళూ బయటికి కనిపించే చిరుగుల జీన్స్‌లో అప్పటికే లోపలికెళ్ళి టేబుల్ దగ్గర నిలబడ్డాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. నాన్న వాడి మోకాళ్ళని ఒకసారి, తన పంచెని ఒకసారి చూసుకుని, "కనపడితే పర్లేదంట. కప్పుకుంటేనే తప్పంట" అన్నారు.

వాణ్ణి కూడా వెనక్కి పిలిచి అందరం పై అంతస్తులో బఫేకి వెళ్ళాం. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. పప్పు, అన్నం, పనీరు కూర, పెరుగు. నాన్న కడుపునిండా తిన్నారు. నేనే సరిగ్గా తినలేదు. పెట్టె రాత్రి పదిన్నరకి గది ముందు ప్రత్యక్షమైంది.

రెండో రోజు

ఈ రోజంతా సముద్రమే. వానాకాలం కదా, ఓడ మెల్లగా ఊగుతోంది. జూన్ 14తో చేపలవేట నిషేధం అయిపోయింది కాబట్టి తెల్లవారుజామున దూరంగా బోట్ల దీపాలు కనపడ్డాయి. నాన్న వాటిని లెక్కపెడుతూ కూర్చున్నారు.

ఏడింటికి అమ్మ కాఫీ కోసం బఫేకి నైటీలో బయల్దేరింది. భుజాల మీద చున్నీ ఉంది. రాత్రి పడుకునే బట్టలు వద్దని రాశారు కదమ్మా అన్నాను. "చున్నీ వేసుకున్నానుగా!" అంది. చున్నీ వేసుకుంటే నైటీ నైటీ కాకుండా పోతుందన్నది మన ఊళ్ళన్నిట్లో అమల్లో ఉన్న చట్టం. పాల ప్యాకెట్టుకి, కూరగాయల బండికి, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించడానికి అది చెల్లుతుంది. సముద్రం మీద కూడా చెల్లింది, ఎవరూ ఆపలేదు. బఫేలో ఇంకో ముగ్గురు చున్నీలతో కనపడ్డారు, నలుగురూ ఒకర్నొకరు చూసుకుని నిశ్చింతగా ఇడ్లీ పెట్టుకున్నారు.

కాసేపటికి ఈతకొలను నుంచి ఒకాయన తడి నిక్కరుతో, ఒంటి మీద వేరే గుడ్డ లేకుండా, నీళ్ళు కారుతూ పూరీల దగ్గరికి వచ్చాడు. సిబ్బంది మర్యాదగా తువ్వాలు చేతికిచ్చి వెనక్కి పంపారు. నాన్నకి అది నచ్చింది.

"తడి కాళ్ళతో వస్తే ఇంకొకడు జారిపడతాడు. కుర్చీ తడుస్తాది. కారణం ఉంది. మా దగ్గర హెల్మెట్టు లేందే గేటు దాటనిచ్చేవారు కాదు, బూట్లు లేందే వార్ఫు గట్టు మీదికి రానిచ్చేవారు కాదు. తువ్వాలు భుజాన వేసుకుంటే తీయించేసేవారు. ఎందుకు? కొస సరుకులెత్తే వించిలో పడితే తువ్వాలొక్కటే పోదు, మనిషి కూడా పోతాడు. కారణం చెబితే ఏదైనా కట్టుకుంటాను. మరి పప్పన్నం తినడానికి పంచె ఏం అడ్డం?"

దానికి మా ఆయన తిరుమల సంగతి ఎత్తారు. పెళ్ళయిన కొత్తలో కల్యాణోత్సవం టిక్కెట్టు మీద వెళ్తే, ప్యాంటుతో రాకూడదన్నారు. బయట కొట్లో పంచె కొని, కట్టుకోవడం రాక, నాన్న చేత కట్టించుకున్నారు. బెల్టు కూడా పెట్టుకున్నారు పైన, అది ఫొటోల్లో ఉంది. "అప్పుడు మీరు నవ్వారు మామయ్యగారూ" అన్నారు. నాన్న ఇప్పుడూ నవ్వారు. "అది దేవుడి ఇల్లు. ఆయన పంచెలోనే ఉంటాడు, మనల్నీ పంచెలోనే రమ్మంటాడు. ఇక్కడ ఇంటాయన ఎవరు?"

ఆ రాత్రి ఫార్మల్. ఆరున్నరకే లిఫ్టుల నిండా సెంటు వాసన. గౌన్లు, షేర్వానీలు, తళుకుల లెహంగాలు. మెట్ల దగ్గర ఫొటోలకి వరస. అమ్మ పట్టుచీర, నాన్న కొత్త ప్యాంటు, నల్లబూట్లు, తెల్లచొక్కా. టై వద్దన్నారు, నేనూ బలవంతపెట్టలేదు. మా ఆయన బ్లేజర్ గుండీలు పెట్టకుండా, అదే ఫ్యాషన్ అన్నట్టు నడిచారు. మా అబ్బాయి చేత చిరుగుల్లేని ప్యాంటు వేయించాను.

అన్నీ సరిగ్గా ఉన్నాయి అనుకుంటుండగా గుమ్మం దగ్గర నిన్నటి కుర్రాడే. ఈసారి చూపు నాన్న తల దగ్గర ఆగింది. లోపలి ఏసీకి చెవులు పోటెత్తుతాయని నాన్న మంకీ క్యాప్ పెట్టుకున్నారు. గోధుమరంగుది, తల నుంచి గడ్డం దాకా మూసేది. విశాఖలో డిసెంబరులో తప్ప బయటికి రానిది, జూలైలో బంగాళాఖాతం మీద, ఫార్మల్ రాత్రి వచ్చింది.

"సార్, టోపీ..." అన్నాడు. మొహం చూస్తే, ఈ పెద్దాయన రోజుకొకటి తెస్తాడేమిటి అన్నట్టుంది.

నాన్న కిక్కురుమనకుండా తీసి జేబులో పెట్టుకున్నారు. జేబులోంచి చేతిరుమాలు తీసి చెవుల మీదుగా కట్టుకోబోయారు. సరిగ్గా అప్పుడే ఎర్ర తలపాగాతో ఒక సర్దార్జీ కుటుంబం మా పక్క నుంచి లోపలికి వెళ్ళింది. కుర్రాడు వాళ్ళని చూశాడు, నాన్న రుమాలుని చూశాడు, సూపర్‌వైజర్ని పిలిచాడు.

వచ్చినాయన మలయాళీ, యాభై దాటినవాడు. ఓడల మీద పాతికేళ్ళకి పైగా పనిచేశాడట. మమ్మల్ని తీసుకెళ్ళి ఏసీ గాలి తగలని మూల టేబుల్ ఇప్పించాడు, నాన్నకి మిరియాల రసంలాంటి వేడి సూప్ ఒకటి అడగకుండానే తెప్పించాడు. భోజనాల రద్దీ తగ్గాక మా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నిన్నటి గొడవ అప్పటికే అతనికి తెలుసు.

అతను చెప్పినదాంట్లో నాకు బాగా పనికొచ్చింది ఒకటుంది. ఓడల్లో మొదటి రాత్రి ఫార్మల్ పెట్టరు, ఆఖరి రాత్రి పెట్టరు. మొదటి రాత్రి జనం పెట్టెలు ఇంకా గదులకు చేరి ఉండవు. ఆఖరి రాత్రి సర్దేసిన పెట్టెలు తలుపు బయట పెట్టేయాలి. నల్లకోట్ల కాలం నుంచీ ఇదే పద్ధతట. వారం రోజుల ప్రయాణమైతే మధ్యలో రెండు ఫార్మల్ రాత్రులు ఉండటం మామూలు. ఇప్పుడు చాలా కంపెనీలు సడలించేశాయి. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 2000లోనే ఫ్రీస్టైల్ అని పేరుపెట్టి, ఎప్పుడైనా తినండి, కోటు మీ ఇష్టం అనేసింది. గట్టిగా పట్టుకు కూర్చున్నవాళ్ళలో క్యూనార్డ్ ముందుంటుంది. దాని క్వీన్ మేరీ 2లో గాలా రాత్రి సాయంత్రం ఆరు దాటిందంటే మగవాళ్ళకి డిన్నర్ జాకెట్టో, ముదురురంగు సూటో, మెడకి టైయో బో టైయో.

"కానీ అక్కడ కూడా దేశీయ దుస్తులు, అంటే ఎవరి దేశపు మర్యాద బట్టలు వాళ్ళు వేసుకోవచ్చు. స్కాట్లాండ్ వాళ్ళు కిల్ట్ కట్టుకుని వస్తారు" అన్నాడు.

"కిల్ట్ అంటే?" అన్నారు నాన్న.

"గళ్ళ గుడ్డ తాతా. మోకాళ్ళ దాకా" అన్నాడు మా అబ్బాయి.

నాన్న నా వైపు తిరిగారు. "గళ్ళ గుడ్డంట. మోకాళ్ళు కనపడతాయంట."

సూపర్‌వైజర్‌కి తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది. వాళ్ళ నాన్న కూడా పెళ్ళికీ, కోర్టుకీ ముండు కట్టుకునే వెళ్ళేవారని చెప్పాడు. ఆ మాట వినగానే అమ్మ మొహం పక్కకి తిప్పుకుని పైట అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికి. కేరళలో పంచెని అలా అంటారని గది కెళ్ళాక గానీ చెప్పలేకపోయాను. "రేపు మీ పంచెలో రండి, నేనుంటాను" అని చెప్పి అతను వెళ్ళాడు.

మూడో రోజు

పుదుచ్చేరిలో ఓడ ఒడ్డుకి రాదు. దూరంగా లంగరు వేసి, చిన్న బోట్లలో తీసుకెళ్ళారు. నాన్న ప్యాంటు, కొత్తబూట్లతో దిగారు. "1,800 పోశాం, ఒక్క పూటకేనా" అని. వైట్ టౌన్‌లో పసుపు గోడలు, బోగన్‌విలియా, వేడి. నాలుగు వీధులు తిరిగేసరికి బూట్లు కరిచాయి. బీచ్ రోడ్డు మీద గాంధీ విగ్రహం దగ్గర కూర్చుని మేజోళ్ళు విప్పితే రెండు మడమల మీదా రూపాయి బిళ్ళంత బొబ్బలు.

ఆ విగ్రహం కిందే కూర్చున్నాం కాబట్టి మాటలు అటే వెళ్ళాయి. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీ బొంబాయి నుంచి రాజపుతానా అనే ఓడలో వెళ్ళారు, రెండో తరగతిలో. ఆ కొల్లాయితోనే బకింగ్‌హామ్ రాజభవనంలో అయిదో జార్జి ఇచ్చిన తేనీటి విందుకీ వెళ్ళారు. రాజుగారింట్లో ఆయన్ని గుమ్మం దగ్గర ఆపలేదు కదా అన్నాడు మా అబ్బాయి. "ఆపాలని వాళ్ళకీ ఉంటాదిరా. ఆపితే ఏటవుద్దో తెలుసు కాబట్టి ఆపలేదు" అన్నారు నాన్న, మడమ ఊదుకుంటూ.

మధ్యాహ్నానికే ఓడ చేరిపోయాం. ఊరి గురించి ఇంకా రాయొచ్చు గానీ, మాకు కనపడిందల్లా ఒక ఫార్మసీ, ఒక కాఫీ హోటలు.

ఆ సాయంత్రం అసలు తమాషా జరిగింది. పెట్టెలు సర్ది తలుపు బయట పెట్టమన్నారు. నాన్న పద్ధతి మనిషి. ఎవరికన్నా ముందే సర్దేసి, ప్యాంట్లు, నల్లబూట్లు లోపల పెట్టి, తాళంవేసి బయటపెట్టారు. పెట్టె వెళ్ళిపోయింది. చేతిసంచీలో మిగిలింది పొందూరు పంచె, చొక్కా, ఒక లుంగీ.

మర్చిపోయారో, కావాలనే చేశారో నేను అడగలేదు.

ఈసారి అడ్డపంచె కాదు. ఎనిమిది మూరల పంచె మడతలు విప్పి, సగం దగ్గర నడుం వెనక నుంచి తెచ్చి ముందు ముడివేశారు. ఒక కొసని జానెడేసి కుచ్చిళ్ళు పోసి, వాటిని వేళ్ళతో దువ్వి బొడ్డు దగ్గర దోపారు. రెండో కొసని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి, అంచు పైకి కనపడేలా చిన్న మడతలు పెట్టి గోచీ దోపారు. రెండుసార్లు గుంజీలు తీసినట్టు కూర్చుని లేచి చూసుకున్నారు. పొందూరులో పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో సన్ననూలు వడుకుతారు. అందుకేనేమో, ఆ గుడ్డ ఇస్త్రీ లేకపోయినా కాలి మీద నీళ్ళలా జారింది. మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి చూడటం నేను గమనించాను.

చలికి ఏదైనా పైన వేసుకోవాలి, మంకీ క్యాప్ కుదరదు. మా ఆయన తన బ్లేజర్ ఇచ్చారు. నాన్న సన్నటి మనిషి. 17 ఏళ్ళ తర్వాత ఆ గుండీలు కాజాల్లోకి దూరాయి. బొబ్బల మీద పట్టీలు వేశాను. చెప్పులు కుదరవు, బూట్లు పెట్టెలో పోయాయి. చివరికి మా అబ్బాయి తన తెల్ల స్నీకర్లు విప్పి తాత ముందు పెట్టాడు. ఇద్దరిదీ ఎనిమిదో నంబరే.

పైనుంచి చూస్తే పాత ఫొటోల్లో హైస్కూలు హెడ్మాస్టరు, కిందినుంచి చూస్తే ఇంజనీరింగ్ కుర్రాడు. పంచె మీద కోటు, కాళ్ళకి బూట్లు అన్నది మనవాళ్ళు కనిపెట్టుకున్న ఫార్మలే కదా. మన ప్లీడర్లు, మేష్టర్లు తరం తరమంతా అలాగే బతికారు. లిఫ్టులో ఒకావిడ, "ఏ ఊరండీ మీది?" అని తెలుగులో అడిగింది. ఎందుకో నాన్న "హార్బరు" అన్నారు.

గుమ్మం దగ్గర సూపర్‌వైజర్ లేడు. అదే కుర్రాడు. ట్యాబ్ వైపు చూడలేదు. నాన్న చుట్టూ సగం తిరిగి, వెనక గోచీ దాకా చూశాడు. కాళ్ళ వైపు చూసి నవ్వాపుకున్నాడు.

"దీన్నేమంటారు సార్?"

"పంచె."

"పంచా."

"పంచా కాదు బాబూ. పంచె." చేత్తో తాళం వేసినట్టు నాన్న రెండోసారి చెప్పారు. కుర్రాడు సరిగ్గా పలికాక ట్యాబ్‌లో ఏదో టైపు చేశాడు. ఏం రాస్తున్నాడో చూడాలని మా అబ్బాయి మెడ సాచాడు గానీ స్క్రీన్ కనపడలేదు. లోపలికి దారిచ్చాడు.

తెల్లబట్ట పరిచిన టేబుల్, మూడు రకాల చెంచాలు, మధ్యలో పువ్వు. వెయిటర్ వంగి పప్పు వడ్డించాడు. నాన్న ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద తిని, అమ్మ వైపు వంగారు.

"మొన్న పైన తిన్న పప్పే ఇది."

"అవును, అదే" అంది అమ్మ. "ఆవకాయ ఉంటే బాగుండేది."

నాలుగో రోజు

చెన్నైలో పొద్దున్నే దిగిపోయాం. పెట్టెలు షెడ్డులో వరసగా పెట్టి ఉన్నాయి. రాత్రి ఏడింటి దాకా రైలు లేదు. మైలాపూర్‌లో టిఫిన్ తింటుంటే, నాన్న పంచె చూసి సర్వరు తమిళంలోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. చుట్టూ సగం టేబుళ్ళ దగ్గర వేష్టులే, అంటే వాళ్ళ పంచెలే.

అక్కడ మా ఆయన చెప్పేదాకా నేను మర్చిపోయాను. 2014 జూలైలో ఈ ఊళ్ళోనే ఒక క్లబ్బులో పుస్తకావిష్కరణకి వెళ్ళిన హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్‌ని వేష్టి కట్టుకున్నారని లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవైంది. మర్నెలలోనే శాసనసభ చట్టం చేసింది. వేష్టి గానీ ఇంకే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ వేసుకున్నందుకు క్లబ్బుల్లో, అలాంటి చోట్ల ఎవరినైనా ఆపితే ఏడాది దాకా జైలు, 25,000 దాకా జరిమానా.

నాన్న పొంగల్ తింటూ అంతా విన్నారు. "ఆ గుంటడి జీతం ఎంతుంటాది?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. "పాతికవేలు వాడెక్కడి నుంచి తెస్తాడు" అని మళ్ళీ పొంగల్లో పడ్డారు.

రైలెక్కిన పది నిమిషాలకి నాన్న పంచె విప్పి, మడతపెట్టి, గళ్ళ లుంగీ చుట్టుకుని, బనియనుతో కింది బెర్తు మీద కాళ్ళు చాపారు. మడమలకి గాలి తగలాలట. మంకీ క్యాప్ కూడా బయటికొచ్చింది. అమ్మ పులిహోర పొట్లం విప్పుతోంది. నల్లకోటులో టీటీఈ చేతిలో మిషన్ పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

నాన్న గబుక్కున లేచి కూర్చుని, మంకీ క్యాప్ లాగేసి, చొక్కా కోసం వెతుకుతున్నారు. ఒక చెయ్యి దూరింది, రెండోది దొరకడంలేదు.

"ఏమండీ, వియ్యంకుడొచ్చాడా?" అంది అమ్మ.